మందుపాతర వాసన తగిలితే ఆరిపోయే దీపం
పొలాల్లో, అడవుల్లో పూడ్చిన మరణాన్ని కనిపెట్టే వెలుగు పూతలు

2025 ఏప్రిల్ నెల మొదట్లో ములుగు జిల్లా వాజేడు, వెంకటాపురం మండలాల్లోని గిరిజన గూడేలకు మావోయిస్టుల పేరుతో ఒక లేఖ అందింది. కర్రెగుట్టల్లో బాంబులు అమర్చామని, ఎవరూ అటు రావద్దని అందులో ఉంది. తునికాకు కోతకు జనం సిద్ధమవుతున్న రోజులవి. వేసవిలో ఆ పదిహేను ఇరవై రోజుల ఆకు డబ్బులే ఏడాదంతా ఉప్పుకూ, పప్పుకూ, పిల్లల బట్టలకూ ఆధారం. అడవికి పోతే కాలు పోతుందేమోనన్న భయం. పోకపోతే పొయ్యి వెలగదు.

ఆ భయానికి కారణం ఉంది. అంతకు ముందు సంవత్సరం జూన్‌లో వాజేడు మండలంలోనే కట్టెల కోసం అడవికి వెళ్లిన ఒక వ్యక్తి మందుపాతర పేలి చనిపోయాడు. లేఖ వచ్చిన నెల రోజులకు, 2025 మే 8న, అదే ప్రాంతంలో ముగ్గురు గ్రేహౌండ్స్ పోలీసులు మందుపాతరకు బలి అయ్యారు. ఆ వేసవిలో కర్రెగుట్టలపై 21 రోజులు సాగిన గాలింపులో 450 బాంబులను వెలికి తీశామని ప్రభుత్వం ప్రకటించింది. ఆ తర్వాత కాలం మారింది, మనుషులు మారారు. మందుపాతరకు మాత్రం లొంగుబాట్లూ తెలియవు, చర్చలూ తెలియవు. పూడ్చినవాడు మరిచిపోయినా అది పూడ్చిన చోటే ఉంటుంది. అడుగు పోలీసుదా, పశువులకాపరిదా అన్నది దానికి పట్టదు.

నేల కింద ఉన్నదాన్ని తవ్వకుండా తెలుసుకోవడం ఎలా? ప్రపంచంలో ఎన్నో దేశాల రైతులు ఈ ప్రశ్న వేస్తున్నారు. దానికి శాస్త్రజ్ఞులు వెతికిన సమాధానాల్లో ఒకటి చిత్రంగా ఉంటుంది. పేలుడు మందు వాసన తగిలితే ఆరిపోయే ఒక పల్చని వెలుగు పూత అది. ఇది ఎలా పనిచేస్తుంది, మన అడవిదారుల్లో ఎంతవరకు పనికొస్తుంది అన్నది ఈ వ్యాసంలో చెప్పుకుందాం.

మేకుకూ, మందుపాతరకూ తేడా తెలియదు

పోలీసులు చేతపట్టుకుని తిరిగే మెటల్ డిటెక్టర్‌ను చాలామంది చూసే ఉంటారు. భద్రాచలం శ్రీరామనవమికి మంత్రులు వస్తే దారి పొడుగునా దానితో నేలను తడుముతారు. ఇనుము ఉంటే కూత పెడుతుంది. చిక్కంతా అక్కడే ఉంది. అది వెతికేది ఇనుమును, మందును కాదు. తుప్పు పట్టిన మేకుకు కూస్తుంది, నాగలి కర్రు ముక్కకు కూస్తుంది, సోడా బుడ్డి మూతకూ కూస్తుంది. యుద్ధం జరిగిన పొలంలో తూటా పెంకులు వేల సంఖ్యలో పడి ఉంటాయి. కూత వచ్చిన ప్రతిచోటా మనిషి బోర్లా పడుకుని సన్నని చువ్వతో మట్టిని గుచ్చి చూడాలి. వందసార్లు గుచ్చితే తొంభైతొమ్మిది సార్లు మేకో డబ్బా రేకో బయట పడుతుంది. వందోసారి కూడా మేకే అనుకుంటే ప్రాణం పోతుంది.

అదీగాక ఇప్పటి మందుపాతరలు చాలావాటికి పైడొప్ప ప్లాస్టిక్‌ది. లోపల గోరంత ఇనుము కూడా ఉండదు. మన అడవుల్లో అయితే ప్లాస్టిక్ డబ్బాలు, సీసాలు, ప్రెషర్ కుక్కర్లు కూడా బాంబులుగా మారిన సంగతి పత్రికల్లో చదువుతూనే ఉన్నాం.

కాబట్టి వెతకవలసింది డొప్పను కాదు, లోపలి మందును. మందుకు వాసన ఉంటుంది. కుక్క పసిగట్టేది ఆ వాసననే. కుక్కను మించిన పరికరాన్ని ఇంతవరకు మనిషి చేయలేదనే చెప్పాలి. కానీ కుక్క అలసిపోతుంది. ఎండకు నాలుక బయట పెడుతుంది. తన మనిషి ముఖం చూసి అతను కోరుకున్న జవాబు చెప్పబోయే కుక్కలూ ఉంటాయట. దానికి శిక్షణ ఇవ్వడానికి నెలలు పడుతుంది, మేపడానికి రోజూ ఖర్చే. అందుకే అమెరికా రక్షణశాఖ 1990ల చివర్లో ఒక పరిశోధన పథకానికి డబ్బు పెట్టి దానికి ‘కుక్క ముక్కు’ అనే పేరు పెట్టింది. కుక్క ముక్కులాంటి యంత్రం కావాలన్నది దాని ఉద్దేశం.

వాసన అంటే ఏమిటి?

మల్లెపూవు వాసన వచ్చిందంటే మల్లెలోని కొన్ని అణువులు గాలిలోకి లేచి మన ముక్కుకు తగిలాయన్నమాట. పేలుడు మందు కూడా అంతే. ప్రపంచంలో సైన్యాలు పాతిన మందుపాతరల్లో అధిక భాగంలో ఉండేది టి.ఎన్.టి. అనే మందు. పసుపు రంగు గడ్డలా ఉండే ఈ పదార్థం నుంచి చాలా కొద్దిగా ఆవిరి లేస్తుంది. ఎంత కొద్ది అంటే, మామూలు ఎండలో దాని పక్కనే ఉన్న గాలిలో నూరు కోట్ల అణువులకు పది లోపే టి.ఎన్.టి. అణువులు ఉంటాయి. ఇది గడ్డ బయట పెట్టినప్పటి లెక్క. డొప్పలో పెట్టి జానెడు లోతున పూడ్చితే ఆ పదిలో ఎన్ని పైకి వస్తాయో ఊహించుకోవచ్చు.

ఇంత తక్కువ సరుకును పట్టుకోవాలంటే చిన్న తాకిడిని పెద్ద సంకేతంగా మార్చే ఉపాయం కావాలి. ఆ ఉపాయం దొరికింది అమెరికాలోని ఒక రసాయన శాస్త్రజ్ఞుడికి. ఆయన పేరు టిమోతీ స్వేగర్. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో, అంటే ఎం.ఐ.టి.లో ప్రొఫెసర్. విశేషం ఏమంటే, ఆయన మొదట పట్టుకున్నది బాంబును కాదు, మన రైతులకు బాగా తెలిసిన ఒక గడ్డిమందును.

గడ్డిమందు నేర్పిన పాఠం

పారాక్వాట్ అంటే తెలియని రైతు అరుదు. ఉదయం కొడితే మర్నాటికల్లా గడ్డి మాడిపోతుంది. పొరపాటున గుక్కెడు మింగినా మనిషిని దక్కించుకోవడం కష్టం. విరుగుడు లేని ఆ విషం ఎన్ని ఇళ్లలో దీపం ఆర్పిందో ఊళ్లలోవారికి చెప్పనక్కర లేదు. అది గడ్డిని ఎలా చంపుతుందంటే, ఆకు ఎండను తిండిగా మార్చుకునే పనిలో చేతులు మారుతుండే ఎలక్ట్రాన్లను మధ్యలో కాజేస్తుంది. ఎలక్ట్రాన్ అంటే అణువులో ఉండే విద్యుత్ కణం. పారాక్వాట్ ఎలక్ట్రాన్ల దొంగ అన్నమాట. అందుకే ఎండ ఎంత గట్టిగా ఉంటే ఆ మందు అంత గట్టిగా పనిచేస్తుంది.

1995లో స్వేగర్, ఆయన సహచరుడు కలిసి ఒక రకం ప్లాస్టిక్ తయారు చేశారు. దాని మీద అతినీల కాంతి పడితే అది తళతళా మెరుస్తుంది. కొత్త నోట్ల మీద ఆ కాంతి వేస్తే కొన్ని గీతలు మెరవడం బ్యాంకుల్లో చూసే ఉంటారు, అలాంటి మెరుపే ఇదీ. ఈ ప్లాస్టిక్‌కు పారాక్వాట్ తగిలినప్పుడు మెరుపు తగ్గిపోయింది. దొంగ ఎలక్ట్రాన్‌ను కాజేశాడు, వెలుగుగా బయటకు రావలసిన శక్తి రాలేదు.

ఇందులో కొత్త ఏముంది అనవచ్చు. కొత్త అంతా ఎంత తగ్గింది అన్నదాంట్లో ఉంది. పెళ్లి పందిరికి కట్టే సీరియల్ బల్బులు గుర్తు చేసుకోండి. పాతకాలపు సీరియల్ సెట్లో ఒక్క బల్బు మాడిపోతే వరస మొత్తం ఆరిపోతుంది. ఎలక్ట్రీషియన్ ఒక్కొక్క బల్బే తడుముతూ తిట్టుకుంటాడు. స్వేగర్ ఆ తిట్టుకునే లక్షణాన్నే వరంగా వాడుకున్నారు. మామూలుగా మెరిసే అణువులు విడివిడిగా ఉంటే, ఒక దొంగ అణువు వచ్చి ఒక మెరుపు అణువునే ఆర్పగలదు. వంద దీపాల్లో ఒకటి ఆరితే మనకు తెలియను కూడా తెలియదు. అదే మెరిసే అణువులను పొడుగాటి గొలుసుగా కట్టితే, కాంతి ఇచ్చిన శక్తి ఆ గొలుసు వెంట అటూ ఇటూ పరుగులు తీస్తుంది. దారిలో ఎక్కడ ఒక్క దొంగ కూర్చుని ఉన్నా ఆ శక్తి వాడి చేతిలో పడుతుంది. ఒక్క దొంగకు వీధి వీధంతా చీకటి. ఈ గొలుసు కట్టడం వల్ల పసిగట్టే శక్తి అరవై రెట్లకు పైగా పెరిగిందని వారు చూపించారు.

టి.ఎన్.టి. కూడా పారాక్వాట్ జాతి దొంగే. దాని ఒంటి నిండా నత్రజని, ప్రాణవాయువు కలిసిన ముళ్లు మూడు ఉంటాయి. అవి ఎలక్ట్రాన్ కనిపిస్తే లాక్కునే రకం. 1998లో స్వేగర్, ఆయన శిష్యుడు యాంగ్ కలిసి టి.ఎన్.టి. కోసమే ఒక పూత తయారు చేశారు. అక్కడ ఇంకొక చిక్కు వచ్చింది. ఇలాంటి ప్లాస్టిక్ గొలుసులు తడి కాగితాల్లా ఒకదానికొకటి అంటుకుపోతాయి. అంటుకుంటే మెరుపు పోతుంది, వాసన లోపలికి దూరడానికి సందూ ఉండదు. అందుకని వారు గొలుసు పొడుగునా రెక్కల్లాంటి గట్టి కొమ్ములు తగిలించారు. వాము చుట్టూ ముళ్లకంప పేర్చినప్పుడు మధ్యలో గాలి ఆడినట్లుగా, గొలుసుల మధ్య సందులు మిగిలాయి. టి.ఎన్.టి. అణువులు ఆ సందుల్లోకి వచ్చి కూర్చుంటాయి. పూత మందం మన వెంట్రుకలో ఇరవై వేలో వంతు కూడా ఉండదు. టి.ఎన్.టి. ఆవిరి తగిలిన అర నిమిషంలో దాని వెలుగు సగానికి పడిపోయింది. నిమిషంలో నాలుగింట మూడు వంతులు పోయింది. శుభ్రమైన గాలి ఊదితే మళ్లీ వెలిగింది.

ప్రయోగశాల నుంచి యుద్ధభూమికి

ఈ పూతను పట్టుకుని అమెరికాలో ఓక్లహోమా రాష్ట్రానికి చెందిన నోమాడిక్స్ అనే చిన్న సంస్థ ఒక చేతి పరికరం చేసింది. దానికి ‘ఫైడో’ అని పేరు. మనం కుక్కను రాజు, టైగర్ అని పిలిచినట్లు అక్కడివారు ఫైడో అని పిలుస్తారు. లోపల సన్నని గాజు గొట్టం, గొట్టం లోపలి గోడకు ఈ మెరుపు పూత. ఒక చిన్న ఫ్యాన్ బయటి గాలిని గొట్టంలోకి లాగుతుంది. పూత మెరుస్తున్నంతసేపూ ఏమీ లేదు. మెరుపు తగ్గిందా, యంత్రం మోగుతుంది.

దాని సున్నితత్వం గురించి చెప్పే లెక్క వింటే నమ్మబుద్ధి కాదు. ఒక గ్రామును కోటి భాగాలు చేయాలి. అందులో ఒక భాగాన్ని మళ్లీ కోటి భాగాలు చేయాలి. అందులో ఒకదాన్ని ఇంకా పది ముక్కలు చేయాలి. ఆ ముక్క బరువును ఫెమ్టోగ్రాము అంటారు. ఆ స్థాయి సరుకును అది పసిగడుతుంది.

ఇరాక్ యుద్ధంలో అమెరికా సైనికులు దీన్ని వాడారు. రోబోల చేతికి తగిలించి అనుమానం ఉన్న వాహనాల దగ్గరకు పంపించారు. బాంబు కట్టిన చేతికి, అది మోసిన కారు తలుపు పిడికి ఆ మందు తాలూకు ధూళి అంటుకుని ఉంటుంది. చెయ్యి ఎంత కడిగినా పూర్తిగా పోదు. వెల్లుల్లి ఒలిచిన చేతి సంగతి ఇంట్లో ఆడవాళ్లను అడిగితే చెబుతారు. ఈ పరిశోధనలకుగాను 2007లో స్వేగర్‌కు ఎం.ఐ.టి.లోని లెమెల్‌సన్ బహుమతి కింద 5 లక్షల డాలర్లు ముట్టాయి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. యుద్ధంలో సైనికుడిని కాపాడేందుకు డబ్బు త్వరగా దొరికింది. యుద్ధం ముగిశాక పొలంలోకి దిగే రైతును కాపాడే పని వెనకబడింది. కారు తలుపు మీది ధూళి పట్టుకోవడం కన్నా మట్టిలోంచి వచ్చే వాసన పట్టుకోవడం ఎంతో కష్టం కావడం ఒక కారణం. రైతు దగ్గర ఆ యంత్రం కొనే డబ్బు లేకపోవడం రెండో కారణం.

మట్టి చేసే మాయ

మట్టిలో పూడ్చిన టి.ఎన్.టి. ఆవిరి నిటారుగా పైకి లేవదు. మట్టి రేణువులు దాన్ని పట్టుకుంటాయి. మట్టిలోని సూక్ష్మజీవులు కొంత తినేస్తాయి. వాన పడితే నీటితోపాటు పక్కకు జరుగుతుంది. వాలులో పూడ్చిన మందుపాతర వాసన పది అడుగుల కింద తేలవచ్చు. పరికరం ‘ఇక్కడ’ అంటే సరిగ్గా అక్కడే అని కాదు, ఈ చుట్టుపక్కల అని అర్థం. పాత యుద్ధభూముల్లో గుండ్లు పేలి మందు అంతటా చల్లినట్లు ఉంటుంది కనుక మొత్తం పొలమే వాసన కొడుతుంది.

అయితే టి.ఎన్.టి. తయారు చేసేటప్పుడు అందులో డి.ఎన్.టి. అనే చెల్లెలు పదార్థం కొంత మిగిలిపోతుంది. అది అక్క కన్నా పదుల రెట్లు తేలిగ్గా ఆవిరి అవుతుంది. మట్టిపైకి ఎక్కువగా వచ్చేది ఈ చెల్లెలే. కుక్క పసిగట్టేది కూడా చాలావరకు దీన్నేనంటారు.

ఇజ్రాయెల్‌లోని జెరూసలెం హీబ్రూ విశ్వవిద్యాలయంలో షిమ్షోన్ బెల్కిన్ అనే శాస్త్రజ్ఞుడు ఈ చెల్లెలిని పట్టుకోవడానికి ప్లాస్టిక్‌ను కాక ప్రాణమున్న బాక్టీరియాను ఎంచుకున్నారు. మన పేగుల్లో ఉండే ఇ.కోలై అనే సూక్ష్మజీవి జన్యువులను మార్చారు. డి.ఎన్.టి. తగిలితే అది సముద్రపు జెల్లీచేపలో ఉండే ఆకుపచ్చ మెరుపు పదార్థాన్ని తయారు చేసుకుంటుంది. స్వేగర్ పూత వాసన తగిలితే ఆరిపోతుంది, ఈ సూక్ష్మజీవి వాసన తగిలితే వెలుగుతుంది. చీకట్లో ఆరిన దీపాన్ని వెతకడం కన్నా వెలిగిన దీపాన్ని వెతకడం సులువు కదా.

వారు ఈ బాక్టీరియాను సగ్గుబియ్యపు గింజల్లాంటి చిన్న జెల్లీ పూసల్లో నింపారు. మందుపాతరలు పూడ్చిన నేల మీద ఎరువు చల్లినట్లు ఆ పూసలను చల్లారు. రాత్రి దూరం నుంచి లేజర్ కిరణాన్ని నేల మీద అటూ ఇటూ తిప్పారు. కింద మందు ఉన్నచోట పూసలు పచ్చగా మెరిశాయి. 20 మీటర్ల దూరం నుంచి, నేల మీద అడుగు పెట్టకుండా మందుపాతర ఉన్న చోటును గుర్తించగలిగారు. ఈ వివరాలు 2017లో శాస్త్ర పత్రికలో వచ్చాయి. చల్లిన పూసలు సమాధానం చెప్పడానికి గంటలు పడుతుంది. తడి ఆరకూడదు. మార్చిన జన్యువుల బాక్టీరియాను పొలంలో వదలడానికి ప్రభుత్వాల అనుమతీ కావాలి. మందుపాతర కన్నా బాక్టీరియా మంచిదే అని మనం అనుకోవచ్చు, కానీ నియమం నియమమే.

తేనెటీగలు తెచ్చే కబురు

తేనెటీగల కథ ఇంకా బాగుంటుంది. 1991–95 నాటి యుద్ధంలో క్రొయేషియా దేశంలో పొలాలు, అడవులు మందుపాతరలతో నిండిపోయాయి. అక్కడి జాగ్రెబ్ విశ్వవిద్యాలయం వారు తేనెటీగలకు చక్కెర నీళ్లతోపాటు టి.ఎన్.టి. వాసన చూపించి, ఆ వాసన ఉంటే తిండి ఉంటుందని నమ్మించారు. వదిలితే అవి ఆ వాసన వచ్చే చోటుకు చేరతాయి.

స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయం వారు క్రొయేషియా పరిశోధకులతో కలిసి మరొక దారి పట్టారు. వీరు తేనెటీగకు ఏమీ నేర్పలేదు. దాని మానాన దాన్ని పూలకు పోనిచ్చారు. ఎగిరే తేనెటీగ ఒంటిమీద స్థిర విద్యుత్తు పుడుతుంది. దువ్వెనకు కాగితం ముక్కలు అంటుకున్నట్లు దాని నూగుకు పుప్పొడి అంటుకుంటుంది. మందుపాతరలు ఉన్న చోట తిరిగితే ఆ మందు రేణువులు కూడా అంటుకుంటాయి. తేనెపెట్టె వాకిట్లో ఒక గొట్టం పెట్టి, దానికి లోపల రేణువులను పట్టి ఉంచే పూత పూశారు. ఇంటికి తిరిగి వచ్చే ప్రతి ఈగా ఆ గొట్టంలోంచి దూరుతూ కొంత ధూళిని దులిపి పోతుంది. సాయంత్రానికి ఆ పూతను తీసి వేడి చేస్తే పట్టుకున్న మందు ఆవిరిగా లేస్తుంది. ఆ ఆవిరిని పసుపుపచ్చగా మెరిసే ఇంకొక ప్లాస్టిక్ పూతకు తగిలిస్తే, మందు ఉంటే మెరుపు తగ్గుతుంది. ఇక్కడా ఆరిపోయే దీపమే.

మందుపాతర ఎక్కడ ఉందో దీనితో తెలియదు. ఈ తేనెపెట్టె చుట్టుపక్కల ఉందా లేదా అన్నది తెలుస్తుంది. అదీ చిన్న విషయం కాదు. యుద్ధం జరిగిన దేశాల్లో భయంతో పడావు పెట్టిన పొలాల్లో ఎన్నింటిలోనో నిజానికి ఏమీ ఉండదు. లేదని ఖాయంగా చెప్పే దిక్కు లేక రైతు దిగడు. ఏమీ లేదని చెప్పగలగడమే సగం పని. కాకపోతే తేనెటీగ వానలో ఎగరదు, చలిలో ఎగరదు, రాత్రి ఎగరదు. టాంజానియాలో పుట్టి కాంబోడియా పొలాల్లో నూరుకు పైగా మందుపాతరలు, పేలని గుండ్లు పట్టించి 2020లో బంగారు పతకం కూడా పొందిన మగావా అనే ఎలుకకు ఈ విషయంలో పేచీ తక్కువ. అరటిపండు ముక్క పెడితే చాలు. 2022 జనవరిలో అది వృద్ధాప్యంతో చనిపోయినప్పుడు ప్రపంచ పత్రికలన్నీ వార్త రాశాయి.

మన అడవికి పనికొస్తుందా?

ఇక మన సంగతికి వద్దాం. ఈ వెలుగు పూతలు పసిగట్టేది ముఖ్యంగా టి.ఎన్.టి. జాతి మందులను. అవి సైన్యాల మందులు. మన అడవుల్లో, కొండల్లో దొరికిన బాంబుల్లో ఎక్కువ భాగం క్వారీల నుంచి దారి మళ్లిన సరుకు. జిలెటిన్ కడ్డీలు అని మనం ఇప్పటికీ పిలుస్తున్నా, ఈనాటి క్వారీ మందుల్లో ముఖ్యమైన దినుసు అమ్మోనియం నైట్రేటు. అది ఉప్పులాంటి పదార్థం. ఆవిరి దాదాపు ఉండదు, ఎలక్ట్రాన్లను దొంగిలించే ఆ ముళ్లూ దానికి లేవు. స్వేగర్ గొలుసు ముందు నుంచి బస్తాడు అమ్మోనియం నైట్రేటు మోసుకుపోయినా దీపం ఆరకపోవచ్చు. దాన్ని పట్టాలంటే ధూళిని గుడ్డతో తుడిచి వేరే రసాయనంతో పరీక్షించాలి. పూడ్చినదాన్ని ఎవరు తుడుస్తారు?

శంషాబాద్ విమానాశ్రయంలో గల్ఫ్‌కు వెళ్లే మనవాళ్ల సంచులను ఒక తెల్లని పట్టీతో తుడిచి యంత్రంలో పెట్టడం కొందరు చూసి ఉంటారు. అదీ మందు ధూళి కోసమే. అయితే అలాంటి యంత్రాల్లో అధిక భాగం వెలుగుతో కాక, ఆవిరిని విద్యుత్ కణాలుగా మార్చి అవి పరుగెత్తే వేగం చూసి గుర్తిస్తాయి. ఎరువు బస్తాలు ఎత్తిన చేతులతో, లేదా గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే మాత్రలు పట్టుకున్న చేతులతో వెళితే ఒక్కోసారి అది మోగుతుంది. భయపడనక్కర లేదు, ఉన్నమాట చెబితే సరిపోతుంది.

హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో డి.ఆర్.డి.ఓ. సహాయంతో నడిచే పేలుడు పదార్థాల పరిశోధన కేంద్రం వారు వెలుగునే మరొక విధంగా వాడుతున్నారు. అనుమానం ఉన్న రేణువు మీద శక్తివంతమైన లేజర్‌ను లిప్తకాలం కొడితే అది మండి ఒక మిణుగురు లేస్తుంది. ఆ మిణుగురు రంగులను విడదీసి చూస్తే అందులో బొగ్గుపులుసు మూలకం ఎంత, నత్రజని ఎంత, ప్రాణవాయువు ఎంత అన్నది తెలుస్తుంది. ఆ పాళ్లను బట్టి అది పేలుడు మందా, పంచదారా అని నిర్ణయిస్తారు. ఈ పద్ధతికి ఆవిరితో పని లేదు కనుక అమ్మోనియం నైట్రేటుకూ పనికొస్తుంది. కానీ రేణువు కంటికి ఎదురుగా ఉండాలి. జానెడు మట్టి కింద ఉన్నదాన్ని లేజర్ కూడా చూడలేదు.

క్వారీ మందు విషయంలో కనిపెట్టడం కన్నా కట్టుదిట్టం చేయడమే ముందు జరగవలసిన పని. అమ్మోనియం నైట్రేటు అమ్మకాలు, నిల్వల మీద కేంద్రం 2012లో ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. అయినా 2021 మే 8న కడప జిల్లా కలసపాడు మండలం మామిళ్లపల్లె దగ్గర ముగ్గురాళ్ల క్వారీలో పేలుడు కడ్డీలు దించుతుండగా పేలి కూలీల శరీరాలు గుర్తుపట్టలేనంతగా ఛిద్రమయ్యాయి. అక్కడ బాంబు పెట్టినవారు ఎవరూ లేరు. నిబంధనలు కాగితం మీద ఉన్నాయి, కూలీలు లారీ దగ్గర ఉన్నారు.

రైతు ఎక్కడైనా రైతే

మందుపాతర బాధ మన గిరిజనులకే పరిమితం కాదు. పార్లమెంటు మీద దాడి తర్వాత 2001 డిసెంబరు నుంచి పాకిస్తాన్ సరిహద్దు పొడుగునా మన సైన్యమే పంజాబ్, రాజస్థాన్, జమ్మూ ప్రాంతాల్లో పొలాల్లో మందుపాతరలు పాతింది. యుద్ధం రాలేదు. పాతినవాటిని తీసే వరకు అక్కడి రైతులు తమ సొంత గట్టు మీద నిలబడి పొలాన్ని చూస్తూ ఉండిపోయారు. పాతేటప్పుడూ, తీసేటప్పుడూ జవాన్లు కూడా ప్రాణాలు కోల్పోయారు.

ప్రపంచం మొత్తం మీద 2023 ఒక్క సంవత్సరంలోనే మందుపాతరలు, పేలక మిగిలిన గుండ్ల వల్ల కనీసం 5,757 మంది చనిపోవడమో గాయపడటమో జరిగిందని అంతర్జాతీయ లెక్కలు చెబుతున్నాయి. వారిలో నూటికి 84 మంది సామాన్య పౌరులే. మనుషులపై వాడే మందుపాతరలను నిషేధించే ఒప్పందం 1997లో కెనడాలోని ఒట్టావాలో కుదిరి 1999 మార్చిలో అమలులోకి వచ్చింది. 160కి పైగా దేశాలు అందులో చేరాయి. అమెరికా, రష్యా, చైనా, పాకిస్తాన్ చేరలేదు. మన దేశమూ సంతకం చేయలేదు. చేరిన దేశాల్లో పోలండ్, ఫిన్లండ్, ఎస్తోనియా, లాత్వియా, లిథువేనియాలు రష్యా భయంతో 2025లో బయటకు పోతున్నట్లు నోటీసులు ఇచ్చాయి. ఒకవైపు తీసే యంత్రాల కోసం పరిశోధనలు, మరొకవైపు పాతడానికి సన్నాహాలు.

కర్రెగుట్టల చుట్టూ ఉన్న గూడేల్లో ఈ యంత్రాలేవీ రేపటి తునికాకు కోతకు వచ్చి నిలబడవు. అక్కడ పనికొచ్చేవి ఇప్పటికీ కుక్క, మెటల్ డిటెక్టర్, బాంబు నిర్వీర్య దళంలోని మనిషి చేతిలోని చువ్వ. కాలిబాట పక్కన కొత్తగా తవ్వి పూడ్చిన గుర్తులు, ఆకుల కింద తీగలు, ఊరికి సంబంధం లేని డబ్బాలు కనిపిస్తే తాకకుండా, కర్రతో కదపకుండా, వచ్చిన అడుగుల్లోనే వెనక్కు వచ్చి పోలీసులకు చెప్పాలని ఆ దళాలవారు అంటున్నారు. చెప్పినవారిని స్టేషన్ చుట్టూ తిప్పి, నీకెలా తెలుసని గంటల తరబడి ప్రశ్నిస్తే రెండోవాడు చెప్పడానికి రాడు. ఆ సంగతి అధికారులు కూడా గుర్తుంచుకుంటే బాగుంటుంది. బాటలు తనిఖీ చేసి, ఏ గుట్ట వరకు భయం లేదో ఆకు కోత మొదలయ్యే ముందే పంచాయతీ కార్యాలయం గోడ మీద రాసి పెట్టడానికి కొత్త యంత్రం ఏదీ అక్కర లేదు.